సీసాలో ఏముందో రాయని మందులకు పత్రికలో చోటివ్వకండి

సంపాదకులకు నమస్కారాలు.

గత ఆదివారం మీ అనుబంధంలో విక్టోరియా రాణి కాలం నాటి మందు సీసాల గురించీ, అదే కాలంలో మన ఇళ్ళలో నడిచిన వంటింటి వైద్యం గురించీ వచ్చిన వ్యాసాన్ని ఆసక్తితో చదివాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రభుత్వ ఆసుపత్రులలో ముప్ఫై రెండేళ్ళు ఫార్మసిస్టుగా పనిచేసి, ఇప్పుడు విజయనగరంలో విశ్రాంత జీవితం గడుపుతున్న నాకు అందులో ఒక మాట దగ్గర మనసు నిలిచిపోయింది. ఆనాటి మందులు కల్తీ లేనివనీ, ప్రకృతి నుంచి వచ్చినవనీ, నేటి మందుల్లాగా హాని చేసేవి కావనీ వ్యాసకర్త అభిప్రాయపడ్డారు. వంటింటి దినుసులనూ సీసా మందులనూ ఒకే గాటన కట్టి మెచ్చుకోవడం వల్ల ఈ పొరపాటు వచ్చిందని నేను అనుకుంటున్నాను. ఆ రెండింటికీ మధ్య ఉన్న తేడా ఈరోజు మన పల్లెల్లో ప్రాణాల మీదికి వస్తున్నది కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆనాటి సీసా మందులలో మన దేశంతో దగ్గర సంబంధం ఉన్నది క్లోరోడైన్. భారతదేశంలో పనిచేసిన జాన్ కాలిస్ బ్రౌన్ అనే ఆంగ్ల సైనిక వైద్యుడు దానిని కలరా కోసం తయారు చేశాడు. తరువాత అది లండన్ నుంచి సీసాలలో అమ్ముడై దగ్గుకూ, నిద్ర పట్టకపోవడానికీ, విరేచనాలకూ, తలనొప్పికీ అన్నింటికీ మందయింది. అందులో ఉన్నవి సారాలో కరిగించిన నల్లమందు, గంజాయి సారం, క్లోరోఫారం. నల్లమందు పేగుల కదలికను మందగింపజేస్తుంది కాబట్టి విరేచనం కట్టినట్టే కనిపిస్తుంది, రోగి మత్తుగా పడుకుంటాడు, ఇంట్లోవాళ్ళు నెమ్మదించిందనుకుంటారు. కానీ ఒంట్లోంచి పోయిన నీరూ ఉప్పూ తిరిగి రావు. కలరా రోగి రక్తంలో నీరూ లవణాలూ తగ్గిపోతాయని విలియం ఓషానెసీ అనే వైద్యుడు 1831లోనే పరీక్షించి చెప్పాడు. మరుసటి ఏడాదే థామస్ లాటా అనే స్కాట్లాండ్ వైద్యుడు రోగుల రక్తనాళాలలోకి ఉప్పునీరు ఎక్కించాడు. ఆ దారి మూసుకుపోయి, మత్తు సీసా దారి రాజమార్గమయింది. శ్రీకాకుళం అప్పట్లో గంజాం జిల్లాలోది. పూరీ యాత్రికులు నడిచిన మద్రాసు–కలకత్తా బాట మీది ఊరు. కలరా భయం తెలిసిన ఊరు. అక్కడ విరేచనాలయిన మనిషికి ఉప్పు కలిపిన పలచని గంజిని గుక్క గుక్కగా తాగించిన ఇల్లాలు, పేరు తెలియకపోయినా, ఆ లండన్ సీసా కంటే సరైన వైద్యానికి చాలా దగ్గరగా ఉంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళతోనే వేల ప్రాణాలు నిలిపారు.

పసిపిల్లల సంగతి ఇంకా బాధాకరం. ఇంగ్లండులో గాడ్‌ఫ్రే కార్డియల్ అనే తీపి మందులో నల్లమందు ఉండేది. అమెరికాలో 1849 నుంచి అమ్మిన మిసెస్ విన్‌స్లో సిరప్పులో నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ ఉండేది. పళ్ళు వచ్చేటప్పుడు పిల్లలు ఏడవకుండా ఉండటానికని దానిని తల్లులకు అమ్మారు. ఏడుపు ఆగేది, కొందరు పిల్లలు మళ్ళీ లేచేవారు కాదు. మన దేశంలోనూ పనికి వెళ్ళే తల్లులు బిడ్డకు ఇసుమంత నల్లమందు నాకించి పడుకోబెట్టే అలవాటు ఉండేదని చెప్పకపోతే నేను పక్షపాతినవుతాను. అయితే ఆ తల్లికి తానిస్తున్నది నల్లమందని తెలుసు. విన్‌స్లో సీసా కొన్న తల్లికి ఆ సంగతి తెలియదు, ఎందుకంటే సీసా మీద ఆ మాట లేదు.

ఈ సీసా మందులను పేటెంట్ మందులని పిలిచారు కానీ చాలావాటికి పేటెంటే లేదు. పేటెంటు కావాలంటే తయారీ వివరం బయటపెట్టాలి. రహస్యమే పెట్టుబడిగా ఉన్నవారు ఆ పని చేయరు. ఆ రహస్యం విలువెంతో బ్రిటిష్ వైద్య సంఘం 1909లో వాటిని పరీక్షించి ప్రచురించిన పుస్తకంతో బయటపడింది. గినీ అనే బంగారు నాణెమంత విలువ గలదని చాటుకున్న బీచమ్ మాత్రలలో తేలినవి ముసాంబరం (ఎండబెట్టిన కలబంద రసం), శొంఠి పొడి, సబ్బు. అంటే మన పచారీ కొట్టులో దొరికే దినుసులే. 56 మాత్రల పెట్టె ధర ఒక షిల్లింగు ఒకటిన్నర పెన్నీ, అంటే పదమూడున్నర పెన్నీలు. అందులోని సరుకు ఖరీదు పెన్నీలో ఎనిమిదో వంతు. ధర సరుకు కంటే 108 రెట్లు. పెట్టె మీద అంటించే ప్రభుత్వ పన్ను బిళ్ళ ఒక్కటే సరుకు ఖరీదుకు 12 రెట్లు; ఆ బిళ్ళను చూసి, సర్కారు పరీక్షించి ముద్ర వేసిందని జనం నమ్మేవారు. మిగిలిన డబ్బులో పెద్ద భాగం పత్రికలకు వెళ్ళింది. మాత్రలూ లేపనమూ అమ్మిన థామస్ హాలోవే తన చివరి రోజుల్లో ఏడాదికి 50,000 పౌన్లు ప్రకటనలకే ఖర్చుపెట్టాడు. వైద్య సంఘం పుస్తకం ప్రకటనను వేయడానికి అనేక ఆంగ్ల పత్రికలు నిరాకరించాయి. ఈ మందుల మీద విచారించిన పార్లమెంటు సంఘం నివేదిక 1914 ఆగస్టు 4న, బ్రిటన్ మొదటి ప్రపంచ యుద్ధంలో దిగిన రోజునే వెలువడి మరుగున పడింది. దినుసులను పెట్టె మీద రాసి తీరాలని ఆ దేశం చట్టం చేసింది 1941లో.

తెలుగు పత్రికకూ మందుకూ చుట్టరికం లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, దాని రాబడితో 1908లో ఆంధ్రపత్రికను స్థాపించారు. అందుకే మందుల ప్రకటనలన్నీ చెడ్డవని నేను అనను. పైన రాసుకునే తలనొప్పి మందు వేరు, కడుపులోకి వెళ్ళే రహస్యపు పొడి వేరు.

వంటింటి వైద్యాన్ని కూడా నేను గుడ్డిగా సమర్థించను. పసిబిడ్డ ముక్కులో, గొంతులో ఆముదం పోస్తే నూనె ఊపిరితిత్తుల్లోకి దిగి నిమ్ము చేస్తుంది. పచ్చకామెర్లకని ఒంటి మీద పెట్టిన వాతలు పుళ్ళయి ఆసుపత్రికి వచ్చిన పిల్లలకు నా చేతులతో కట్టు కట్టాను. కానీ మిరియాల కషాయం గాని, వాము నీళ్ళు గాని ఇచ్చిన పెద్దావిడను డాక్టరు ఏమిచ్చారమ్మా అని అడిగితే జవాబు ఉంటుంది. పొరపాటుంటే దిద్దుకోవచ్చు, ఆపేయవచ్చు. రహస్యపు మందు వాడినవారికి ఆ ప్రశ్న దగ్గర నోరు పెగలదు.

ఇది నాకు పుస్తకాల వల్ల తెలిసిన సంగతి కాదు. సోంపేట వైపున ఉండే మా వదిన మోకాళ్ళ నొప్పులకు సంతలో కొన్న పొడి పొట్లాలు నాలుగు నెలలు వాడారు. మొదటి వారంలోనే నొప్పి తీసేసినట్టు పోయిందని సంబరపడి ఇరుగుపొరుగుకు కూడా చెప్పారు. తరువాత ముఖం ఉబ్బింది, ఎన్నడూ లేని చక్కెర వ్యాధి బయటపడింది. పొడిలో స్టెరాయిడ్ (నొప్పినీ వాపునూ తొందరగా అణచినా ఎక్కువ కాలం వాడితే హాని చేసే మందు) కలిసి ఉండవచ్చని డాక్టరుగారు అనుమానించి, ఒక్కసారిగా మానేయడం ప్రమాదమని చెప్పి, నెలల తరబడి స్టెరాయిడ్ మోతాదు కొంచెం కొంచెంగా తగ్గిస్తూ వచ్చారు. ఏం వాడావని ఆయన అడిగినప్పుడు ఆవిడ చూపగలిగింది ఒక ఖాళీ పొట్లం మాత్రమే.

ఆవిడ ఊరు శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలోది. కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో ఇంటింటా కిడ్నీ జబ్బు పలకరిస్తున్నది, కారణం ఇదీ అని ఇంకా తేలలేదు, పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరవవలసి వచ్చింది. ఎక్కువగా వాడితే మామూలు నొప్పి మాత్రలు కూడా మూత్రపిండాలను దెబ్బతీస్తాయని తెలిసినప్పుడు, ఏముందో తెలియని నొప్పి పొడిని అక్కడ అమ్మనివ్వడం నాకు నిద్ర పట్టనివ్వని విషయం. 1827లో లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ వర్ణించిన మూత్రపిండాల వ్యాధిని ఆ కాలంలో ఆయన పేరుతోనే పిలిచేవారు. మన 1954 నాటి మందుల ప్రకటనల చట్టం, నయం చేస్తామని ప్రకటించకూడదన్న జబ్బుల పట్టికలో, ఆ పాత పేరు క్యాన్సర్, చక్కెర వ్యాధుల సరసన నేటికీ ఉంది. ఆయుర్వేద మందుల పెట్టె మీద సైతం దినుసులూ వాటి పరిమాణమూ రాయాలని నిబంధనలు చెబుతున్నాయి. అయినా కిడ్నీ జబ్బు పూర్తిగా నయమని, డయాలసిస్ అవసరం ఉండదని చెప్పే కరపత్రాలు ఉదయం దినపత్రిక మడతల్లోనే మా ఇంటికి వస్తున్నాయి.

కాబట్టి మీకు నా విన్నపం ఇది. దినుసుల పేర్లూ పరిమాణాలూ చూపని ఏ మందు ప్రకటననూ, అది ఏ వైద్య విధానానికి చెందినదైనా, మీ పత్రిక స్వీకరించకూడదు; మీ పేపరు మడతల్లో అటువంటి కరపత్రాలు పెట్టవద్దని ఏజెంట్లకు చెప్పాలి. వంటింటి చిట్కా అచ్చు వేసేటప్పుడు ఎంత ఇవ్వాలో, ఏ వయసు పిల్లలకు ఇవ్వకూడదో, ఎన్ని రోజుల్లో తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్ళాలో కూడా వేయాలి. రెండు జిల్లాల ఔషధ నియంత్రణ అధికారులు సంతల్లోని నొప్పి పొడుల నమూనాలు తీయించి, ఫలితాలను ఊరి పేరుతో సహా పత్రికలకు ఇవ్వాలి. మా వదిన దాచిన పొట్లం నా దగ్గరే ఉంది. దాని మీద గడ్డం పెంచిన ఒక ముని బొమ్మ, ఒక ఫోన్ నంబరు ఉన్నాయి. దినుసుల పేరు ఒక్కటీ లేదు. మీ విలేకరి ఎవరైనా వస్తే చూపిస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫార్మసిస్టు,
విజయనగరం