పల్లకీ ఒక్కటే పంపను

పర్లాకిమిడి

చి.ల.సౌ. అమ్మాయికి అమ్మ దీవించి రాయునది,

ఇక్కడ అందరం క్షేమం. కొత్త ఇంట్లో అద్దాల బీరువా చేయించానని, అందులో పెట్టడానికి కొండపల్లి పెళ్లి పల్లకీ ఒక్కటి పంపమని రాశావు. ఒక్కటే అయితే పంపను. పంపితే కాపురమంతా పంపుతాను. తిరగలి విసిరే ఆమె, రోకళ్లు పట్టిన వదినామరదళ్లు, చల్ల చిలికే ముసలమ్మ లేకపోతే ఆ పెళ్లికూతురు ఏ ఇంటికి వెళ్తున్నట్టు?

చరిత్ర పుస్తకాల్లో రాజుల పెళ్లిళ్లు ఉంటాయి, ఆ పెళ్లికి పిండి ఎవరు విసిరారో ఉండదు. అది చూడాలంటే ఈ బొమ్మలే దిక్కు. తిరగలి బొమ్మను ఒకసారి చేతిలోకి తీసుకో. ఒక కాలు చాపి, ఒకటి ముడిచి కూర్చుంది. మా నాయనమ్మ అచ్చం అలాగే కూర్చునేది. చల్ల చిలికే బొమ్మకు ఒక చెయ్యి ముందుకు, ఒకటి వెనక్కు ఉంటాయి, తాడు ఒక కొస లాగినప్పుడు రెండోది వదలాలి కదా. చిలకడం ఎరగనివాడు రెండు చేతులూ సమానంగా చెక్కేస్తాడు. బొమ్మ కొనేటప్పుడు నేను మొదట చూసేది అదే, రంగు తర్వాత.

ఇంకొకటీ గమనించు. మగవాడు తాడిచెట్టు ఎక్కుతాడు, పల్లకీ మోస్తాడు, లేదా అంబారీలో కూర్చుంటాడు. మన బొమ్మల్లో పొయ్యి దగ్గర ఒక్కడూ లేడు. ఈ మాట అంటే మీ నాన్నగారు పేపరు ఇంకాస్త పైకెత్తారు.

తెల్లపొణికి కర్ర తేలిక, మెత్తన. కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికిస్తారు. పైన సున్నం పూసి రంగులు వేస్తారు. అందుకని తడిగుడ్డ తగలనివ్వకు, మెత్తని కుంచెతో దులుపు చాలు. చెయ్యి ఊడితే ముక్క దాచిపెట్టు. మెరుపు కోసం వార్నీషు పూయించావో, నేను ఊరుకోను.

నీ చిన్నప్పటి లక్కపిడతలు ఏటికొప్పాకవి. అంకుడు కర్రను తిప్పుతూ చెక్కి, లక్కరంగు పట్టించినవి. 2017లో వాటికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. వాటిని ఈ ఆడవాళ్ల ముందు పెట్టు. కొలత కుదరదు, గిన్నె మనిషంత ఉంటుంది. ఉండనీ.

జగన్నాథుణ్ణి మాత్రం పంపను. దసరా కొలువుకు వచ్చిన ఎదురింటి ఒడియా మావుసీ, అదే పిన్నిగారు, మొదట ఆయన్నే వెతుకుతుంది. పూరీలో మూలమూర్తులూ కర్రవే, వేపకర్రవి, పైగా అన్నదమ్ములు, చెల్లెలు కలిసి ఉన్న ఇల్లు అది. మన ఊరు ఒడిశాలో కలిసింది 1936లో, మా నాయనమ్మ కొలువులో ఆయన అంతకు ముందు నుంచే ఉన్నాడు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు గట్టి అట్టపెట్టెలు తెచ్చుకో. చుట్టడానికి పాత నూలు చీరలు చింపి ఉంచుతాను, ప్లాస్టిక్ కవర్లు వద్దు, లోపల చెమ్మ పడుతుంది. పల్లకీ కర్ర ఊడి వస్తుంది, దాన్ని విడిగా చేతిసంచీలో పెట్టుకో. గుణుపురం రైలులో జనం ఎలా ఉంటారో నీకు తెలుసు. తాడిచెట్టు అడగకు, అది మీ నాన్నగారు ముచ్చటపడి కొన్నది.

ఇట్లు,
మీ అమ్మ