సోమవారం మీటింగ్ గురించి

అందరికీ నమస్కారం. నిన్న మీటింగ్ 10 గంటలకు మొదలై 11.30కి ముగిసింది. తొమ్మిది మందిమి గంటన్నర కూర్చున్నామంటే పదమూడున్నర గంటల పని సమయం. అందులో తేలింది ఒక్కటే, గోడౌన్ మార్చడం. మిగతా సమయమంతా ఎవరి లెక్కలు వారు చదివి వినిపించడానికే సరిపోయింది. డెలివరీ చూసే మనవాళ్లిద్దరూ కస్టమర్ల ఫోన్లు ఎత్తలేక ఎంత టెన్షన్ పడ్డారో చూశాను. చాలా బాధేసింది.

వచ్చే వారం నుంచి అమ్మకాలు, స్టాక్, బాకీల వివరాలు శనివారం సాయంత్రం 6 లోపు ఈ గ్రూపులోనే పెట్టండి. మీటింగ్‌లో వాటిని మళ్లీ చదవం. అమెజాన్‌లో 2004లోనే పై స్థాయి మీటింగుల్లో స్లయిడ్లు ఆపేశారు. ముందే రాసిన నోట్‌ను అందరూ మౌనంగా చదివాకే అక్కడ చర్చ మొదలవుతుంది. వాళ్ల నోట్ ఆరు పేజీల దాకా ఉంటుంది, మనకు అరపేజీ చాలు. కానీ చదివి రావడం తప్పనిసరి.

10 గంటలకు మొదలుపెట్టి 10.25కి లేచేద్దాం. ఆలస్యంగా వచ్చినవారి కోసం మొదటి నుంచి చెప్పడం ఉండదు. ఇద్దరి మధ్య తేలే విషయమైతే ఆ ఇద్దరూ తర్వాత మాట్లాడుకోవచ్చు. డెలివరీ వాళ్లు తమ విషయం అయిపోగానే వెళ్లిపోవచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో మాట. కొత్తగా చేరినవాళ్లు మొహమాటంతో నోరు విప్పడం లేదు. వాళ్ల అభిప్రాయమే ముందు అడుగుదాం, పెద్దవాళ్లు మాట్లాడేశాక వాళ్లు చెప్పరు.

ఏ పని ఎవరిది, ఏ తేదీలోగా అన్నది లేచేముందే రాసి ఇక్కడ పెట్టాలి. మొదటి వారం నేను రాస్తాను. అభ్యంతరాలుంటే శుక్రవారంలోగా చెప్పండి.