మంత్రి గారూ, ప్రణాళిక రాస్తాం... ముందు పైసలెన్నో చెప్పండి

తెలంగాణ పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. 2025 డిసెంబరులో గెలిచిన కొత్త సర్పంచులలో నేనొకదాన్ని. అంతకుముందు 2019 నుంచి 2024 దాకా ఇదే ఊళ్లో వార్డు మెంబర్‌ని. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే మా కార్యదర్శికి రేపే మెమో వస్తుంది, అసలే ఆ పిల్ల ట్రాక్టర్ డీజిల్‌కు సొంత జీతంలోంచి పెట్టి పెట్టి అలిసిపోయి ఉంది. నేను చెప్పబోయే సంగతి మీద మండలంలోనూ జిల్లాలోనూ అర్జీలిచ్చాం. రశీదులున్నాయి, జవాబులు లేవు.

వచ్చే ఏడాది జీపీడీపీ, అంటే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక, తయారు చేసి పంపాలని వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టారు. గ్రామసభ పెట్టాలి, ఫొటోలు తీయాలి, తొమ్మిది థీమ్‌లలో సంకల్పం తీసుకోవాలి, తీర్మానం చేసి కేంద్రం వెబ్‌సైట్ ఈ-గ్రామ్‌స్వరాజ్‌లో ఎక్కించాలి, అదీ గడువులోపు. అన్నీ చెప్పారు. వచ్చే ఏడాది మా పంచాయతీకి ఎన్ని పైసలు వస్తాయో మాత్రం చెప్పలేదు. పెండ్లికి ఎంతమంది వస్తారో చెప్పకుండా వంటకు సరుకుల చీటీ రాయమన్నట్టుంది.

మా ఎస్సీ కాలనీ మురుగు కాలువ గురించి చెప్తాను. చెప్పడానికి ఇంకా చాలా ఉన్నాయి కానీ, ఈ ఒక్కటి మీకు అర్థమైతే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి.

2019 సెప్టెంబరు 6 నుంచి 30 రోజుల కార్యాచరణ అని పెట్టారు, మీకు గుర్తుండే ఉంటుంది. ఊరూరా పాదయాత్ర చేయించి, వార్షిక ప్రణాళిక ఒకటి, ఐదేళ్ల ప్రణాళిక ఒకటి రాయించారు. అప్పుడు మా ఊళ్లో మొదటి నంబరు పని ఈ కాలువే. కైకిలి మానుకొని వచ్చిన ఆడవాళ్లు చేతులెత్తి తీర్మానం చేశారు. ఐదేళ్లు గడిచాయి. శ్మశానవాటిక వచ్చింది, డంపింగ్ యార్డు వచ్చింది, ప్రకృతి వనం వచ్చింది, ట్రాక్టరూ వచ్చింది, దాని కిస్తీ కూడా వచ్చింది. ఇవి వద్దని నేననను, ట్రాక్టర్ లేకుంటే చెత్త ఎత్తేదెట్లా? కానీ ఇవేవీ మా ప్రణాళికలో మొదటి వరసలో లేవు. పైనుంచి వచ్చిన పని ముందు, మేం రాసుకున్న పని వెనక. వెనక అంటే రానే రాలేదు.

15వ ఆర్థిక సంఘం కింద కేంద్రం ఇచ్చిన పైసల్లో అరవై శాతం టైడ్, అంటే ఫలానా పనికే వాడాలని ముడిపెట్టినవి, అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మురుగు కాలువ పారిశుద్ధ్యం కాకుంటే మరేమిటి? మీ నిబంధనలోనే మా పని ఇమిడి ఉంది. అయినా ఎస్టిమేట్ వేయడానికి ఇంజినీరు ఏఈ రావాలి, ఆయన చేతిలో ఎన్నో ఊళ్లు. ఆయన వచ్చేసరికి ఆ ఏడాది పైసలు కరెంటు బిల్లులకు, ఇంకా దేనిదేనికో సర్దుబాటైపోయేవి.

2024 ఫిబ్రవరిలో మా పాలకవర్గాల గడువు తీరింది. ఐదేళ్ల గడువు తీరకముందే ఎన్నిక జరగాలని రాజ్యాంగంలో 243-ఇ ఉంది. జరగలేదు. దాదాపు రెండేళ్లు ప్రత్యేకాధికారుల పాలన. పాలకవర్గం లేదని కేంద్రం ఆర్థిక సంఘం నిధులు ఆపింది. ఎన్నిక పెట్టనిది మేమా? తప్పు ఎక్కడో జరిగింది, శిక్ష మాత్రం మా కాలనీ మోకాళ్ల దాకా వచ్చింది. ఆ రెండేళ్లలో కూడా జీపీడీపీ అయితే అప్‌లోడ్ అయింది సార్! ఎవరు రాశారో తెలియదు. నేను గెలిచాక కంప్యూటర్లో తీయించి చూస్తే, అందులో మా కాలువ లేదు. పాత ఏడాది పనులే పేర్లు అటూ ఇటూ మార్చి ఎక్కించారు. లేని బడి ప్రహరీకి మరమ్మతు కూడా ఉంది. మా ఊళ్లో బడికి ప్రహరీ ఎన్నడూ కట్టలేదు.

ఇదేమిటని అడిగితే, “ప్లాన్‌లో లేని పనికి పేమెంట్ కాదమ్మా, యాక్టివిటీ కోడ్ రాదు” అన్నారు. నిజమే, సాఫ్ట్‌వేర్ అట్లాగే ఉంది. జనం చేతులెత్తి చెప్పిన పనికి కోడ్ లేదు, లేని గోడకు ఉంది.

పైగా మార్కులు. పంచాయతీ అడ్వాన్స్‌మెంట్ ఇండెక్స్ అని 2025 ఏప్రిల్‌లో ప్రకటించారు. 435 సూచికలు, 566 సమాచార అంశాలు. 90 దాటితే అచీవర్, దేశం మొత్తంలో ఒక్కరూ లేరు. ఆ కిందిది ఫ్రంట్ రన్నర్, అందులో మన తెలంగాణవి 270 పంచాయతీలు, గుజరాత్ తర్వాత మనమే. సంతోషం. ఆ మార్కులు 2022-23 సంవత్సరానివి. సర్పంచులు మారారు, రెండేళ్లు సర్పంచులే లేరు, మార్కులు మాత్రం అప్పటివి ఇప్పుడొచ్చాయి. పోనీ ఆ మార్కుల్ని బట్టి ఫలానా ఊరు వెనకబడింది, ఇంత డబ్బిచ్చి లేపుదామని ఎవరైనా అనుకున్నారా? మా దాకా అయితే ఆ కబురు రాలేదు. మా ఊరు తీసుకున్న సంకల్పం 'బాలల స్నేహపూర్వక గ్రామం' అట. ఎవరు టిక్కు పెట్టారో గానీ, అంగన్‌వాడీకి పోయే మా కాలనీ పిల్లలు చెప్పులు చేతిలో పట్టుకొని మురుగులోంచి నడిచి పోతారు. ఇది ఆ 566లో ఏ గడిలో రాయాలో ఎవరైనా వచ్చి చూపిస్తే రాస్తాను.

పనిని బట్టి పైసలు అనే మాటకు నేను వ్యతిరేకం కాదు. ఆ మాట కొత్తదీ కాదు, 14వ ఆర్థిక సంఘం అప్పుడే పది శాతం పనితీరు గ్రాంటు పెట్టింది. లెక్కలు ఆడిట్ చేయించాలి, సొంత ఆదాయం పెంచాలి అన్నారు. న్యాయమే. కానీ పనితీరు చూడాలంటే ముందు పని చేయనివ్వాలి కదా? మా ఊరివాళ్లు కట్టిన ఇంటి పన్ను కూడా ఎస్‌టీవోలోనే, అంటే సర్కారు ఉప ఖజానాలోనే పడుతుంది. నేనూ ఉపసర్పంచూ ఇద్దరం సంతకం పెట్టి చెక్కు పంపితే ఫ్రీజింగ్ అంటారు, అంటే చెల్లింపులు ఆపేశారని. ఎప్పుడు తీస్తారంటే పైన అడగమంటారు. పన్ను వసూలు శాతం మాత్రం వారం వారం అడుగుతారు.

కాలువ నేనే పూనుకొని తవ్వించేద్దామా అంటే, చేసేవాళ్లు దొరకడం లేదు. మా పాత సర్పంచ్ అప్పు తెచ్చి పనులు చేశాడు, మిత్తి కట్టలేక భార్య మెడలోది అమ్మాడు, ఆయన బిల్లులు ఇంకా రానే లేదు. పార్టీలు వేరు, ఎన్నికల్లో నా మీద ఆయన తమ్ముడే పోటీ చేశాడు, అయినా చెప్తున్నాను, ఆయనకు రావాల్సింది ఇవ్వండి. ఆయన గతి చూసిన ఊళ్లో మేస్త్రీ ఎవరూ పంచాయతీ పని అంటే ముందుకు రావడం లేదు. “పైసలు ముందు పెట్టక్కా, రేపే మొదలు పెడ్తం” అంటున్నారు. వాళ్ల తప్పేముంది?

కేరళలో 1996 నుంచి ప్రజా ప్రణాళిక నడుస్తోంది. అక్కడ రాష్ట్ర బడ్జెట్‌తో పాటే అనుబంధం 4 అని ఒక పుస్తకం వేస్తారు, అందులో ఏ పంచాయతీకి ఎంత అన్నది పేరుపేరునా ఉంటుంది. అక్కడా గొడవలున్నాయి, కోతలున్నాయి, అది స్వర్గమని నేననడం లేదు. కానీ ప్రణాళిక రాసేముందు అక్కడి సర్పంచ్ చేతిలో ఒక అంకె ఉంటుంది. నా చేతిలో ఒక టెంప్లేటు ఉంది.

మంత్రి గారూ, నన్ను తిట్టినా సరే, మా కార్యదర్శిని ఏమనకండి. బడ్జెట్‌తో పాటు మా పంచాయతీకి ఎంతో రాతలో చెప్పండి. తక్కువైనా పర్వాలేదు, చెప్పండి. చెప్పింది చెప్పిన నెలలో ఇవ్వండి. 15వ ఆర్థిక సంఘం గడువు 2026 మార్చి 31 దాకానే, మాకు ఆగిన దాంట్లో ఎంత వస్తుంది, ఎంత పోయింది? గ్రామసభ తీర్మానం ఒకటి, అప్‌లోడ్ మరొకటి కాకుండా చూసేది ఎవరు? పాత సర్పంచుల బిల్లులెప్పుడు? ఇంటి పన్ను మీద ఫ్రీజింగ్ ఎందుకు? ఎంత వస్తుందో ముందే చెప్పండి, మళ్లీ అదే అడుగుతున్నాను, నాకు వేరే అడగడం చేతకాదు.

చట్టం ప్రకారం రెండు నెలలకోసారి గ్రామసభ పెట్టాలి, పెడతాను. ఈసారి కాలనీ ఆడవాళ్లు వస్తారో రారో తెలియదు. “రాసుకపోతరు గనీ చేసేదేముంది, కూలి పోతది” అని మొన్న మొహం మీదనే అన్నారు.

చివరగా ఒక విన్నపం. ఇట్లాంటి ఉత్తరాలు మీ పేషీకి వస్తే 'తగు చర్య నిమిత్తం' అని రాసి కిందికి పంపుతారు. అది జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి, మండలం నుంచి మా కార్యదర్శికి వస్తుంది. కార్యదర్శి నా సంతకంతోనే జవాబు రాయాలి. దయచేసి దీన్ని కిందికి పంపకండి.

ఇట్లు,
ఒక గ్రామ సర్పంచ్