మా వయొలిన్ క్లాసులో పాఠాల వేగం తగ్గిస్తున్నాను

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మొన్న ఉగాదికి గుడి మండపంలో మన పిల్లలు పదకొండుమంది వాయించారు. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. అంతా అయ్యాక ముందు వరసలో కూర్చున్న ఒక మామ్మగారు నా చెయ్యి పట్టుకుని, "బాగానే వాయించారమ్మా, గానీ పాఠం అప్పజెప్పినట్టుంది" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆవిడన్నది నిజం. తప్పు పిల్లలది కాదు, నాది.

ఏడాదికి ఎన్ని కీర్తనలయ్యాయని అడుగుతారన్న టెన్షన్‌తో నేను పాఠాలు పరుగెత్తించాను. గమకాల సంగతి, అంటే స్వరాన్ని ఊపుతూ పలికించే సంగతి, తర్వాత చూద్దాంలే అనుకున్నాను.

ఈ నెల నుంచి ముందు పాడటం, తర్వాతే తీగల మీద లాగే కమాను పట్టడం. పోయిన వారం తొమ్మిదేళ్ల పాప కల్యాణి రాగంలో కీర్తన వాయిస్తుంటే మధ్యమం (మ) దగ్గర వేలు బిగుసుకుపోతోంది. పై స్వరమైన పంచమాన్ని (ప) తాకి వస్తూ ఊగాల్సిన స్వరం అది. వయొలిన్ పక్కన పెట్టించి, ఆ ఒక్క స్వరాన్నీ పాడించాను. నాలుగైదుసార్లు పాడాక మళ్లీ వాయించమంటే, వేలు దానంతటదే తీగ మీద కదిలింది. పాప నా వైపు చూసి నవ్వింది. తర్వాత కీర్తనలోని మాట మధ్యలో కమాను తిప్పేస్తున్న చోట్లన్నీ వెతికి, పుస్తకంలో పెన్సిల్‌తో గీతలు పెట్టుకున్నాం. గంటంతా పల్లవికే సరిపోయింది.

మన విజయనగరంలో 1919లో మొదలైన సంగీత కళాశాలలోనే ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పారు, 1936లో ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. పక్కవాద్యంగా ఉన్న ఫిడేలుతో ఒంటరిగా కచేరీ నిండుగా చేసి చూపించారాయన. పక్కన పాడేవాళ్లు లేనప్పుడు సాహిత్యం కమానే పలకాలి కదా. ఈ ఊళ్లో వయొలిన్ నేర్పుతూ నేను ఆ మాట మరిచిపోయాను.

బ్యాచ్‌కి ఎనిమిదిమంది బదులు ఇక ఐదుగురే. ఆదివారం ఉదయం ఇంకో బ్యాచ్ పెడుతున్నాను. ఫీజు పెంచను. వేగం చాలదని ఇద్దరు మానేశారు, బాధగానే ఉంది. పరీక్షలకు కట్టినవాళ్లు నాతో విడిగా మాట్లాడండి, వాళ్ల సిలబస్ ఆపను.

ఇంట్లో "ఎన్ని వచ్చాయి?" అని అడగకండి. "ఇవాళ్టిది ఒకసారి పాడి వినిపించు" అనండి చాలు.

దసరాకి రెండే కీర్తనలు వాయిస్తాం. మామ్మగారింటికి వెళ్లి పిలిచి వచ్చాను.