నర్సులకు చదువు చెప్పేవారి గురించి

మిత్రులందరికీ నమస్కారం. నర్సుల కొరత గురించి అందరూ మాట్లాడతారు గానీ, వారికి పాఠం చెప్పేవారి కొరత అంతగా చర్చకు రాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం 2023లో ప్రపంచమంతటా 2.98 కోట్ల మంది నర్సులున్నారు, ఇంకా 58 లక్షల మంది కావాలి. సీట్లు పెంచితే చాలంటారు. పెంచిన సీట్లకు అధ్యాపకులు ఎక్కడి నుంచి వస్తారు? అమెరికాలోనే బోధకులూ శిక్షణకు ఆసుపత్రులూ చాలక, ఏటా నర్సింగ్ చదవడానికి అర్హులైన విద్యార్థుల దరఖాస్తులను వేల సంఖ్యలో తిప్పి పంపుతున్నారు.

ఈ బోధకుల కొరతకు జీతం ప్రధాన కారణం. పై చదువులు చదివి బోధనలోకి వస్తే, చాలాచోట్ల ఆసుపత్రి ఉద్యోగం కన్నా తక్కువే వస్తుంది. ఉన్నవారిలో చాలామంది పదవీ విరమణకు దగ్గరపడ్డారు.

వార్డులో పని ఇంకా కష్టం. ఒక విద్యార్థిని మొదటిసారి ఇంజక్షన్ ఇస్తుంటే టీచరు పక్కనే నిలబడాలి. సరిగ్గా అప్పుడే మరో మంచం దగ్గర నుంచి మందు మోతాదు లెక్క సరిచూడమని ఇంకొకరు పిలుస్తారు. రోగి భద్రత, విద్యార్థుల ధైర్యం రెండూ ఆ టీచరు బాధ్యతే. ఇంత పనిని కేవలం ‘క్లాసు తీసుకోవడం’గా లెక్కగట్టడం అన్యాయం.

సిమ్యులేషన్, అంటే రోగికి బదులు మనిషి బొమ్మల మీద సాధన చేయించడం లాంటిది, మంచి తోడే. క్లినికల్ గంటల్లో, అంటే రోగుల దగ్గర శిక్షణ పొందే సమయంలో, సగం వరకు దానితో భర్తీ చేసినా ఫలితాలు తగ్గలేదని 2014లో అమెరికా అధ్యయనం చూపింది. అయితే దానికీ శిక్షణ పొందిన టీచర్లు కావాలి. బొమ్మ కొన్నంత మాత్రాన పాఠం జరగదు.

మీలో బోధనలో ఉన్నవారు దయచేసి రాయండి: మీ దగ్గర వార్డులో ఒక్కో టీచరుకు ఎంతమంది విద్యార్థులు?