ఎప్పటి కరెంటు, ఎప్పటి బిల్లు

సంపాదకులకు నమస్కారం.

ఎన్నికలు అయిన ప్రతిసారీ ఓటరు ఉచితాలకు అమ్ముడుపోయాడని కొందరు రాస్తారు. పథకాలన్నీ తీసుకుని విశ్వాసం లేకుండా ఓటేశాడని ఇంకొందరు రాస్తారు. రెండు మాటలూ చదివితే మనసుకు కష్టంగా ఉంటుంది. మాది తెనాలిలో చిన్న పిండిమర. బియ్యం, మినుములు, కారం పట్టించుకోవడానికి వచ్చి వరసలో కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడుకుంటారో పాతికేళ్లుగా వింటున్నాను. ధర పెరిగిందన్న బాధ ఎలాగూ ఉంటుంది. ఎందుకు పెరిగిందో, ఎవరిని అడగాలో తెలియకపోవడం అంతకంటే పెద్ద బాధ.

నాకు బాగా గుర్తున్నది 2000 సంవత్సరం. అంతకు ముందు ఏడాదే విద్యుత్ బోర్డును విడగొట్టారు. ప్రపంచ బ్యాంకు అప్పుతో సంస్కరణలు మొదలయ్యాయి, వాటి వెనకే చార్జీలు పెరిగాయి. ఆగస్టు 28న చలో అసెంబ్లీ అంటూ వెళ్లినవాళ్ల మీద బషీర్‌బాగ్‌లో పోలీసులు కాల్పులు జరిపారు, ముగ్గురి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత కరువు. 2004 ఎన్నికల్లో 294 స్థానాలకు కాంగ్రెస్‌కు 185, తెలుగుదేశానికి 47 వచ్చాయి. మే 14న ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం వ్యవసాయానికి ఉచిత విద్యుత్ ఫైలు మీదే పెట్టారు. సంస్కరణలు చేసినవాళ్లు ఓడిపోతారని అప్పుడు అందరూ తేల్చేశారు.

అదే నిజమైతే 2024 సంగతేమిటి? బటన్ నొక్కి నేరుగా ఖాతాల్లో డబ్బు వేసిన వైఎస్సార్ కాంగ్రెస్ 151 స్థానాల నుంచి 11కు పడిపోయింది. డబ్బు పంచినా ఓడారు, చార్జీలు పెంచినా ఓడారు. ఒకటి మాత్రం ఎవరూ గమనించడం లేదు. 2004లో ఓడిన పార్టీకి దాదాపు 38 శాతం, 2024లో ఓడిన పార్టీకి 39 శాతం ఓట్లు పడ్డాయి. 2019లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు దాదాపు 50 శాతం ఓట్లున్నాయి. అంటే పదిమందిలో ఒక్కరు పక్కకు జరిగితే ప్రభుత్వమే మారిపోయింది. ఆ ఒక్కరు ఎందుకు జరిగారో ఆలోచించకుండా జనం మొత్తాన్నీ తిట్టడం అన్యాయం. భూహక్కు చట్టం, మద్యం, ఉద్యోగాలు, చెత్త పన్ను, ఇలా కారణాలు చాలానే ఉన్నాయి. నేను దగ్గర నుంచి చూసింది కరెంటు బిల్లు కాబట్టి దాని గురించే రాస్తున్నాను.

మనకు కరెంటు సరఫరా చేసే పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, ముందు అనుకున్నదానికంటే ఎక్కువ ధరకు కరెంటు కొంటే, ఆ తేడాను తర్వాత మన దగ్గర వసూలు చేస్తారు. దాన్నే ట్రూ అప్ అని, సర్దుబాటు అని బిల్లులో వేస్తారు. 2022 వేసవిలో బొగ్గు కొరత వచ్చి, కరెంటు కొనే అమ్మే ఎక్స్ఛేంజీలో యూనిట్ ధర 20 రూపాయల దాకా పోయింది. కేంద్ర విద్యుత్ నియంత్రణ కమిషన్ దాన్ని 12 దగ్గర ఆపాల్సి వచ్చింది. మన రాష్ట్రంలో పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు, అంటే కొన్ని రోజులు కరెంటు వాడొద్దన్నారు. కాబట్టి ఖర్చు నిజమే, కాదనడం లేదు. కానీ 2022-23లో వాడిన కరెంటుకు సుమారు 6 వేల కోట్ల సర్దుబాటు వసూలు 2024 డిసెంబరులో మొదలైంది. అప్పటికి ప్రభుత్వమే మారిపోయింది. అంతకుముందు 2014-19 నాటి లెక్క 2021 సెప్టెంబరులో బిల్లులకెక్కింది. అప్పుడూ ప్రభుత్వం మారే ఉంది. ఖర్చు ఒకరి హయాంలో, కట్టించేది ఇంకొకరి హయాంలో. ఓటరు కోపం ఎవరి మీద చూపాలి?

మా మరకు వచ్చే ఇడ్లీబండి ఆవిడ ఓ రోజు బిల్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. "అక్కా, అప్పుడు మేం వేరే ఇంట్లో ఉన్నాం. ఈ మీటరు వాడుకుంది ఎవరో. వాళ్ల బాకీ నేనెందుకు కట్టాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. చిల్లర తిరిగి ఇస్తూ ఊరుకున్నాను. ఆ రాత్రంతా అదే టెన్షన్.

ధరల మీద కోపం ఓట్లలో కనబడటం మన దగ్గరే కాదు. బ్రిటన్‌లో 2022 అక్టోబరులో ద్రవ్యోల్బణం 11 శాతం దాటింది. 2024 జులైలో ఓట్లు వేసేనాటికి 2 శాతానికి దిగింది. అయినా పాలక పార్టీ ఘోరంగా ఓడింది. ద్రవ్యోల్బణం తగ్గిందంటే ధరలు ఇకమీదట మెల్లగా పెరుగుతాయని అర్థం. పెరిగిన ధర మాత్రం అక్కడే ఉండిపోతుంది, సరుకులు కొనేవాళ్లకు అది తెలుస్తూనే ఉంటుంది.

డిస్కంలు ఏటా నవంబరు చివరికల్లా వచ్చే ఏడాది లెక్కలను విద్యుత్ నియంత్రణ మండలి ముందు పెడతాయి. దాని మీద బహిరంగ విచారణ జరుగుతుంది, ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. మా వీధిలో ఈ సంగతి ఒక్కరికీ తెలియదు. ఆ విచారణలు ప్రతి డివిజన్ కేంద్రంలో, తెలుగులో, పని మానుకోకుండా వెళ్లగలిగే సాయంత్రం వేళ పెట్టాలని మండలిని కోరుతున్నాను. బిల్లులో సర్దుబాటు అన్న ఒక్క మాటతో సరిపెట్టకుండా, అది ఏ సంవత్సరపు కరెంటుకో, ఎందుకు ఎక్కువ పడిందో రెండు ముక్కల్లో అచ్చువేయాలి. ఇల్లు మారిన అద్దెవాళ్లకు పాత బాకీ తగలకుండా ఒక దారి చూపాలి.

మీ పత్రికను అడిగేది ఒక్కటే. ఈ డిసెంబరులో ఆ లెక్కలను మాలాంటివాళ్లకు అర్థమయ్యేలా ఒక పేజీలో వేయండి. దాన్ని మా మర గోడకు అతికిస్తాను.

ఇట్లు,
పిండిమర నడుపుకునే ఒక పాఠకురాలు,
తెనాలి