పాతబస్తీ నడక మదీనా నుంచి మొదలవ్వాలి

సంపాదకుడు గారికి,

హైదరాబాద్ పాతబస్తీలో గైడుతో సాగే నడకలు చాలావరకు చార్మినార్ దగ్గర మొదలై లాడ్ బజార్‌లో ముగుస్తున్నాయి. మదీనా చౌరస్తా నుంచి ఉదయం ఏడింటికే బయల్దేరితే ఎంతో మేలు. ముందు మొహర్రంలో పీర్లను నిలిపే బాద్‌షాహీ అషుర్ఖానా. 1611 నాటి రంగుల పలకలు గోడల పైభాగంలో నిలిచాయి; 1908 మూసీ వరదలో దెబ్బతిన్న కింది భాగంలో పూసిన రంగులే కనిపిస్తాయి. ఈ తేడా చూపించని గైడు అసలు కథే చెప్పనట్టు. చెప్పులు బయటే విడవాలి.

అక్కడి నుంచి పత్తర్‌గట్టీ, మచ్లీ కమాన్ (తోరణ ద్వారం) మీదుగా ఫౌంటెన్ ఉన్న గుల్జార్ హౌజ్ కూడలి. నాలుగు కమాన్లూ నాలుగు దిక్కులా కనిపిస్తాయి, కానీ అంగళ్లు తెరిచాక వాహనాల మధ్య నిలబడలేం. కమాన్ల డంగు సున్నం (గానుగ పట్టిన సున్నం) గోడలకు మరమ్మతు పేరుతో సిమెంటు పూయవద్దు. తేమ లోపలే చిక్కి పెచ్చులూడుతుంది. మచ్లీ కమాన్ దగ్గర తెలుగు, ఉర్దూ బోర్డు వెంటనే పెట్టించాలి.

— ఒక పాఠకుడు, హైదరాబాద్